పీజీ థీసిస్‌కు సాయం అందాల్సింది మొదటి ఆరు నెలల్లో

తెలుగు రాష్ట్రాల వైద్య కళాశాలల్లో జరిగే పరిశోధనలో పెద్ద వాటా పీజీ థీసిస్‌లదే. విజయవాడలోని డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో చదివినా, వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం పరిధిలో చదివినా, ఎండీ, ఎంఎస్ విద్యార్థి థీసిస్ రాయకుండా పరీక్షకు కూర్చోలేరు. అంటే ఏటా కొత్త పరిశోధకుల బ్యాచ్ ఒకటి వస్తుంది. వాళ్లలో చాలామంది అంతకుముందు ఒక ప్రశ్నావళి తయారుచేసి ఎరగరు. ఎంబీబీఎస్‌లో బయోస్టాటిస్టిక్స్ (వైద్య గణాంకశాస్త్రం) అంటే ఎస్‌పీఎం (సామాజిక వైద్యం) పేపర్లో ఓ చిన్న భాగం, నీట్ పీజీలో కొన్ని బిట్లు, అంతే. ఇప్పుడు చెన్నైలోని జాతీయ ఎపిడమియాలజీ సంస్థ నడిపే ఆన్‌లైన్ కోర్సు పూర్తి చేయడం తప్పనిసరి అయింది. మంచి కోర్సే. కానీ వీడియోలు చూసి పరీక్ష రాసినంత మాత్రాన తన వార్డులో, తన రోగులతో, తనకున్న గడువులో ఏ ప్రశ్న తేలుతుందో తెలిసిపోదు. అది పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించాల్సిన పని.

సాయం చేసేవాళ్లు లేక కాదు. గైడు ఉంటారు, కో-గైడు ఉంటారు, ఎస్‌పీఎం విభాగంలో స్టాటిస్టీషియన్ పోస్టు ఉంటుంది, పరిశోధనకు నైతిక అనుమతి ఇచ్చే ఎథిక్స్ కమిటీ ఉంటుంది. చిక్కంతా వీళ్ల దగ్గరికి విద్యార్థి ఎప్పుడు వెళ్తున్నారన్న దాంట్లోనే ఉంది. డేటా అంతా పోగయ్యాక, సమర్పణకు నెల రోజులుందనగా, మాస్టర్ చార్ట్ (రోగులందరి వివరాల పట్టిక) పట్టుకుని స్టాటిస్టీషియన్ దగ్గరికి పరుగెత్తి ‘సార్, పి విలువ (కనిపించిన తేడా యాదృచ్ఛికం కావచ్చా అని చూసే అంకె) కాస్త వేసిపెట్టండి’ అనడం ఆనవాయితీ అయిపోయింది. ప్రయోగం ముగిశాక గణాంకవేత్తను పిలిస్తే ఆయన చేయగలిగింది చాలాసార్లు శవపరీక్ష మాత్రమేనని, అది దేనివల్ల చచ్చిందో చెప్పగలరేమోనని ప్రసిద్ధ గణాంకవేత్త రోనాల్డ్ ఫిషర్ 1938లో భారత గణాంక మహాసభ తొలి సమావేశంలో అన్నారు. మన కళాశాలల్లో థీసిస్ సాయమంటే ఇప్పటికీ ఎక్కువగా ఆ శవపరీక్షే. సాయాన్ని మొదటి ఆరు నెలలకు జరిపితే తర్వాతి కష్టాల్లో సగం అసలు పుట్టనే పుట్టవు.

చేతిలో ఉన్నది పద్దెనిమిది నెలలే

మూడేళ్ల కోర్సు అంటే 36 నెలలు. థియరీ పరీక్షకు కనీసం 6 నెలల ముందు థీసిస్ సమర్పించాలి కాబట్టి 30 మిగులుతాయి. సినాప్సిస్ (థీసిస్ ప్రణాళిక పత్రం), ఎథిక్స్ అనుమతి, విశ్వవిద్యాలయంలో రిజిస్ట్రేషన్ అయ్యేసరికి ఆరు నెలలు గడుస్తాయి. డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ కింద జిల్లా ఆస్పత్రిలో మూడు నెలలు పనిచేయాలి, ఆ మూడు నెలలు సొంత వార్డులో కేసులు చేర్చుకోవడం కుదరదు. విశ్లేషణ, రాత, గైడు దిద్దుబాట్లు, బైండింగ్ కలిపి మూడు నెలలు ఎక్కువేం కాదు. ఇవన్నీ పోగా మిగిలేది 18 నెలలు. ఒక్కో రోగిని ఆరు నెలలు ఫాలోఅప్ చేయాల్సిన అధ్యయనమైతే, చివరి రోగిని పన్నెండో నెల దాటకుండా చేర్చుకోవాలి.

ఈ లెక్కను మొదటి సమావేశంలోనే విద్యార్థి చేత కాగితం మీద వేయించాలి. తర్వాత గత ఏడాది ఓపీ, వార్డు రిజిస్టర్లు తీయించి, అనుకున్న జబ్బుతో నెలకు ఎందరు వచ్చారో లెక్కపెట్టించాలి. ‘మన దగ్గరికి బోలెడు కేసులొస్తాయి మేడమ్’ అన్న మాట మీద ఆధారపడకూడదు. రిజిస్టరులో కనిపించిన వాళ్లలో కొందరికి అర్హత ఉండదు, కొందరు ఒప్పుకోరు, కొందరు రాత్రి డ్యూటీలో వచ్చి తెల్లారేసరికి డిశ్చార్జ్ అవుతారు. లెక్క తేలిన సంఖ్యలో సగం మందే చేతికి వస్తారని అనుకుని ప్రణాళిక వేసుకుంటే భద్రం.

ఒక థీసిస్‌ను దగ్గరగా చూస్తే

గైనిక్ విభాగాల్లో తరచూ కనిపించే అంశం తీసుకుందాం. గర్భిణుల్లో మధ్యస్థ రక్తహీనతకు, అంటే హిమోగ్లోబిన్ 7 నుంచి 9.9 గ్రాముల మధ్య ఉన్నవాళ్లకు, ఐరన్ ఇంజెక్షన్లలో ఐరన్ సుక్రోజ్ మేలా, ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ మేలా? ప్రశ్న పాతదే అయినా చెడ్డదేం కాదు. పాత థీసిస్ తీసుకుని ఊరి పేరు, సంవత్సరం మార్చి సమర్పించే అలవాటును మాత్రం మొదట్లోనే ఆపాలి. ఇంతకుముందు ఈ కళాశాలలో దీని మీద వచ్చిన థీసిస్‌లు ఎన్ని, వాటిలో తేలనిదేమిటి అన్నది విద్యార్థి రెండు పేరాల్లో రాసి చూపించాకే ముందుకు పోనివ్వాలి.

సాధారణంగా మొదటి తప్పు శాంపిల్ సైజులో, అంటే ఎందరిని చేర్చుకోవాలన్న లెక్కలో దొర్లుతుంది. ‘గుంపుకు 50 మంది, మొత్తం వంద’ అని సినాప్సిస్‌లో రాసేస్తారు. ఎందుకు వంద అని అడిగితే జవాబుండదు. రెండు గుంపుల సగటులను పోల్చడానికి చేత్తో వేసుకోగల లెక్క ఒకటుంది. 80 శాతం పవర్ (నిజంగా ఉన్న తేడాను పట్టుకునే అవకాశం), 5 శాతం సిగ్నిఫికెన్స్ (లేని తేడాను ఉందనుకునే అవకాశం) అనుకుంటే, స్టాండర్డ్ డీవియేషన్ (కొలతలు సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే అంకె) వర్గాన్ని 16తో గుణించి, పట్టుకోదలచిన తేడా వర్గంతో భాగించాలి. వచ్చినదే ఒక్కో గుంపుకు కావాల్సిన సంఖ్య. హిమోగ్లోబిన్ పెరుగుదలలో స్టాండర్డ్ డీవియేషన్ 1.2 గ్రాములనుకుందాం. రెండు మందుల మధ్య అర గ్రాము తేడా ఉంటే పట్టుకోవాలనుకుంటే గుంపుకు 93 మంది కావాలి. ఒక గ్రాము తేడా చాలనుకుంటే 24 మంది సరిపోతారు. ఇక్కడ గైడు వాటా కీలకం: ఎంత తేడా ఉంటే వైద్యం మార్చుకుంటామన్నది గైనకాలజిస్టు చెప్పాలి, స్టాటిస్టీషియన్ కాదు. అది తేల్చకుండా గుంపుకు 50 మందిని తీసుకుని, చివర్లో ‘తేడా లేదు’ అని రాస్తే ఆ వాక్యానికి అర్థం లేదు. తేడా ఉన్నా కనిపించనంత చిన్న అధ్యయనం అది.

వ్యాప్తిని కొలిచే సర్వేల్లో మరో ఉచ్చు ఉంది. ఒక జబ్బు 20 శాతం మందిలో ఉందనుకుని, అటూ ఇటూ 5 శాతం పాయింట్ల తేడాతో కొలవాలంటే 256 మంది కావాలి. ‘20 శాతం రిలేటివ్ ఎర్రర్’ అంటే ఆ 20లో 20 శాతం, అంటే 4 పాయింట్లు. అప్పుడు 400 మంది కావాలి. సినాప్సిస్‌లలో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు. వ్యాప్తి 5 శాతమే ఉన్న జబ్బుకు కూడా 5 పాయింట్ల తేడా పెట్టుకుంటే 76 మందే చాలని వస్తుంది, చూడ్డానికి హాయిగా ఉంటుంది. కానీ జవాబు సున్నా నుంచి పది దాకా ఎక్కడైనా ఉండొచ్చని తేలుతుంది. అది తెలుసుకోవడానికి సర్వే చేయనక్కర్లేదు.

మళ్లీ ఐరన్ దగ్గరికి వద్దాం. గుంపుకు 93 మంది చివరిదాకా మిగలాలంటే ఎందరిని చేర్చుకోవాలి? తొలికాన్పుకు ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో పుట్టింటికి పంపడం మన దగ్గర మామూలు. అత్తవారి ఊళ్లో ఇంజెక్షన్ వేయించుకున్న అమ్మాయి ఫాలోఅప్ నాటికి మరో జిల్లాలో ఉంటుంది. ఇరవై శాతం మంది ఇలా జారిపోతారనుకుంటే 93ని 0.8తో భాగించి గుంపుకు 117 మందిని, మొత్తం 234 మందిని చేర్చుకోవాలి. 93కి ఇరవై శాతం కలిపి 112 అనడం తప్పు, అందులోంచి ఇరవై శాతం పోతే 93 మిగలరు. అంతకంటే ముఖ్యం, జారిపోయేవాళ్లను తగ్గించుకోవడం. నాలుగు వారాల ఫాలోఅప్ ఏడో నెలలోపే ముగిసేలా 16 నుంచి 24 వారాల మధ్య ఉన్నవాళ్లనే చేర్చుకోవచ్చు. ఎంసీపీ కార్డు (తల్లీబిడ్డల రక్షణ కార్డు) చూసి పుట్టింటి ఫోన్ నంబరు, అత్తింటి నంబరు, ఊళ్లో ఆశా కార్యకర్త నంబరు, మూడూ రాసుకోవాలి. ఇలాంటివి ఏ మెథడాలజీ పుస్తకంలోనూ దొరకవు. ఆ వార్డులో పదేళ్లు పనిచేసిన సిస్టర్‌ను అడిగితే చెబుతారు.

ఫాలోఅప్ రోజును ఎక్కడి నుంచి లెక్కపెట్టాలో కూడా ముందే తేలాలి. ఫెర్రిక్ కార్బాక్సీమాల్టోజ్ ఒకే విడతలో 1000 మిల్లీగ్రాముల దాకా ఇవ్వొచ్చు. ఐరన్ సుక్రోజ్ రోజు విడిచి రోజు 200 చొప్పున ఐదు విడతలు. ఒక గుంపుకు మొదటి డోసు నుంచి, రెండో గుంపుకు చివరి డోసు నుంచి నాలుగు వారాలు లెక్కపెడితే, ఒకరికి రక్తం పట్టడానికి ఎనిమిది రోజులు అదనంగా దొరుకుతాయి. ఆ తేడా మందుది కాదు, క్యాలెండరుది. కొలత సంగతీ అంతే. మొదటి హిమోగ్లోబిన్ పీహెచ్‌సీ రిపోర్టులోంచి ఎత్తి రాసి, రెండోది ఆస్పత్రి ఆటోఎనలైజర్‌లో చూస్తే రెండు వేర్వేరు తక్కెళ్లతో తూచినట్టవుతుంది. రెండు కొలతలూ ఒకే ల్యాబులో, ఒకే యంత్రం మీద చేయించాలి.

ఏ మందు ఎవరికన్నది ఓపీ నంబరు సరి, బేసిని బట్టి నిర్ణయించడాన్ని రాండమైజేషన్ (యాదృచ్ఛిక కేటాయింపు) అనకూడదు. తర్వాతి రోగికి ఏ మందు వస్తుందో పీజీకి ముందే తెలిసిపోతుంది కాబట్టి, నీరసంగా ఉన్న రోగిని ‘ఈమెను తర్వాత చూద్దాం’ అనిపించే అవకాశం ఉంటుంది. చేసేవాళ్లకు ఆ సంగతి తెలియను కూడా తెలియదు. నాలుగు, ఆరు సైజు బ్లాకులు (రెండు మందులూ సమంగా వచ్చే చిన్న గుంపులు) కలిపి వరస తయారుచేసి, లోపలిది బయటికి కనిపించని కవర్లలో పెట్టి, నంబరు వేసి, అంటించి, అధ్యయనంతో సంబంధం లేని మనిషి దగ్గర ఉంచాలి. కవరు తెరిచేముందు దాని మీద రోగి పేరు, తేదీ రాయాలి. ఖర్చు కవర్లదే.

ఎథిక్స్ కమిటీ దగ్గర ఎందుకు ఆగిపోతుంది

భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాల ప్రకారం కమిటీలో 7 నుంచి 15 మంది ఉండాలి, అధ్యక్షులు సంస్థ బయటివారై ఉండాలి, కనీసం ఐదుగురు ఉంటే గానీ కోరం కాదు. ఇంతమందికి కుదిరే తేదీ రోజూ దొరకదు. రెండు నెలలకోసారి కూర్చునే కమిటీ దగ్గర ఒక్క లోపంతో ఫైలు వెనక్కి వస్తే రెండు నెలలు పోయినట్టే. 18 నెలల్లో రెండు నెలలంటే చిన్న విషయం కాదు. కాబట్టి కమిటీకి పంపేముందు మరొకరు చదివి చూడాలి. కమిటీలో పనిచేసి తప్పుకున్న అధ్యాపకులు ఈ పనికి బాగా సరిపోతారు.

వెనక్కి వచ్చేవి చాలావరకు సమ్మతి పత్రం దగ్గరే ఆగుతాయి. తెలుగు ప్రతి ఉండదు, ఉన్నా జీవో భాషలో ఉంటుంది. ఎంత రక్తం తీస్తారు, ఎన్నిసార్లు రావాలి, ఒప్పుకోకపోతే వైద్యంలో లోటు జరుగుతుందా, ఎవరికి ఫోన్ చేయాలి అన్నవి సూటిగా ఉండాలి. ‘5 మిల్లీలీటర్లు’ అనే బదులు ‘ఒక టీస్పూను’ అంటే అందరికీ తెలుస్తుంది. చదవడం రానివాళ్ల వేలిముద్ర పక్కన అధ్యయనంతో సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి, ఆ పీజీ తోటి హౌస్‌సర్జన్ సంతకం పనికిరాదు. విశాఖ కేజీహెచ్‌కు ఒడిశా నుంచి, ఆదిలాబాద్ రిమ్స్‌కు మహారాష్ట్ర సరిహద్దు నుంచి, గోండు గూడేల నుంచి రోగులు వస్తారు. తెలుగు పత్రం ఒక్కటే పెట్టుకుంటే వాళ్లను వదిలేయాలి, లేదా అర్థం కాని కాగితం మీద వేలిముద్ర వేయించుకోవాలి. రెండోది చేయకూడదు.

డబ్బు ప్రశ్న కూడా ఇక్కడే తేలాలి. మామూలు వైద్యంలో భాగం కాని పరీక్షకు రోగి దగ్గర డబ్బు తీసుకోకూడదు. పై అధ్యయనంలో ‘ఒంట్లో ఐరన్ నిల్వలు చెప్పే ఫెరిటిన్ కూడా చూద్దాం’ అని గైడు ఒక్క మాట అంటే, 234 మందికి రెండేసిసార్లు, మొత్తం 468 పరీక్షలు. ఆ ఖర్చు ఎవరు పెడతారో సినాప్సిస్‌లో రాయకపోతే చివరికి అది విద్యార్థి స్టైపెండు మీద పడుతుంది. కళాశాలలో మల్టీడిసిప్లినరీ రీసెర్చ్ యూనిట్ ఉంటే అక్కడ అడగాలి. అదీ కుదరకపోతే ఫెరిటిన్ వదిలేయడమే నయం.

ఇంకొకటి మరవకూడదు. మందులను పోల్చే ట్రయల్ ఏదైనా, థీసిస్ అయినా సరే, మొదటి రోగిని చేర్చుకోకముందే సీటీఆర్ఐలో, అంటే దేశంలోని క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు కావాలి. 2018 ఏప్రిల్ 1 నుంచి అక్కడ వెనక తేదీ నమోదు లేదు. అక్కడి పరిశీలకులు ప్రశ్నలు పంపుతారు, జవాబిస్తే మళ్లీ పంపుతారు, వారాలు పడుతుంది. ఈలోగా ఆత్రపడి ఇద్దరు ముగ్గురు రోగులను చేర్చుకుంటే, తర్వాత పేరున్న జర్నల్ ఏదీ ఆ పేపరును తీసుకోదు.

గురువారం మధ్యాహ్నం ఒక గది

ఇదంతా ఒక్క గైడు భరించగలిగేది కాదు. యూనిట్ చీఫ్‌కు ఓపీ, ఆపరేషన్ థియేటర్, తనిఖీలు, పరీక్షల డ్యూటీలు ఉంటాయి. కొత్తగా గైడు హోదా వచ్చినవాళ్లలో చాలామంది తమ థీసిస్ తర్వాత మరో అధ్యయనం చేసి ఉండరు. అందుకే సాయం ఫలానా గైడు మంచితనం మీద ఆధారపడకూడదు, కళాశాల ఏర్పాటుగా ఉండాలి. వారానికి ఒక మధ్యాహ్నం, ఒకే గది. అందులో ఎస్‌పీఎం అధ్యాపకులొకరు, స్టాటిస్టీషియన్, క్లినికల్ విభాగం నుంచి పేపర్లు రాసిన అనుభవం ఉన్నవారొకరు. ఒక్కో విద్యార్థికి అరగంట. ఇంతకు మించి మొదట్లో ఏమీ అక్కర్లేదు.

విద్యార్థి వట్టి చేతులతో రాకూడదు. ఒక పేజీలో ప్రశ్న, ఎవరిలో, ఏది కొలుస్తారు, ఎప్పుడు కొలుస్తారు, ప్రధాన ఫలితం ఏది అన్నవి రాసుకురావాలి. దానితోపాటు ఖాళీ పట్టికలు గీసుకురావాలి. అంకెలు లేకుండా, చివర్లో థీసిస్‌లో ఉండబోయే అడ్డు వరసలు, నిలువు వరసలు మాత్రమే. ఈ ఒక్క పనితో తెలిసే సంగతులు ఆశ్చర్యపరుస్తాయి. పట్టికలో చోటు లేని ప్రశ్నలు ప్రొఫార్మాలో (రోగి వివరాలు నింపే పత్రంలో) పది దాకా తేలతాయి, పట్టికకు కావాల్సిన సంగతి ప్రొఫార్మాలో ఉండనే ఉండదు.

ఆ గదిలో గైడు ఉండకపోవడమే కొన్నిసార్లు మంచిది. ‘సార్ ఏమంటారో’ అన్న భయంతో పీజీలు అసలు ఇబ్బందిని దాచిపెడతారు. కేసులు రావడం లేదనో, కో-గైడు మూడు నెలలుగా ఫైలు తెరవలేదనో చెప్పుకోడానికి మరో పెద్ద దిక్కు ఉండాలి. అయితే అంశాన్ని మార్చడం, ప్రధాన ఫలితాన్ని మార్చడం లాంటివి గైడుకు తెలియకుండా జరగకూడదు. సమావేశంలో అనుకున్నవి అదే రోజు నాలుగు వాక్యాల్లో గైడుకు మెయిల్ చేస్తే అపార్థాలు రావు.

చేర్చుకున్న రోగుల సంఖ్యను నెలనెలా ఒక గ్రాఫు మీద గుర్తుపెట్టాలి. మూడు నెలలైనా అనుకున్న దాంట్లో సగం కూడా చేరకపోతే అప్పుడే రెండో యూనిట్‌ను కలుపుకోవాలి, లేదా ఎథిక్స్ కమిటీకి సవరణ రాసి అర్హత నిబంధనలు సడలించాలి. ఇక్కడ మెంటార్లు కళ్లు తెరిచి చూడాల్సిన ప్రమాదముంది. గడువు తరుముతుంటే, కేసులు లేకపోతే, అడిగేవాళ్లు లేకపోతే, కొందరు లేని రోగులను పుట్టిస్తారు. చివర్లో థీసిస్ మొత్తం రాసిచ్చే సెంటర్లకు డబ్బు కట్టేదీ ఈ స్థితిలోనే. మెంటార్ మూడు నెలలకోసారి మాస్టర్ చార్టులోంచి పది వరసలు తీసి వాటి కేస్‌షీట్లు తెప్పించి సరిపోల్చాలి. బీపీలన్నీ సున్నాతోనే ముగుస్తున్నాయా, ఒక్క ఖాళీ గడి కూడా లేదా చూడాలి. ఇది అనుమానించడం కాదు, అందరికీ ఒకేలా చేసే తనిఖీ అని మొదటి రోజే చెప్పాలి.

మాస్టర్ చార్ట్ సంగతికొస్తే, ఎక్సెల్‌లో ఒక గడిలో ఒకటే విషయం ఉండాలి. ‘120/80’ అని ఒకే గడిలో రాస్తే సగటు రాదు. ‘45 ఏళ్లు’ అని రాస్తే కంప్యూటర్‌కు అది అంకె కాదు. రంగులు పూసి గుంపులు చూపిస్తే సాఫ్ట్‌వేర్‌కు కనపడదు. పరీక్ష చేయని చోట సున్నా రాస్తే సగటు పడిపోతుంది, ఖాళీగా వదలాలి. రోగి పేరు, ఐపీ నంబరు వేరే ఫైల్లో, తాళంతో ఉండాలి. జమోవి, ఆర్ లాంటి గణాంక సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి కాబట్టి దొంగ కాపీ సాఫ్ట్‌వేర్ వాడాల్సిన అవసరం లేదు. మొదటి పది మంది వివరాలు ఎక్కించగానే స్టాటిస్టీషియన్‌కు చూపించాలి. అప్పటికైతే దిద్దుకోవడం ఒక సాయంత్రం పని.

పరీక్ష అయ్యాక

చాలా థీసిస్‌లు లైబ్రరీ బీరువాలో ఆగిపోవడానికి కారణం పనికిరాకపోవడం కాదు. పీజీ పరీక్ష రాసి వెళ్లిపోతారు, గైడుకు కొత్త బ్యాచ్ వస్తుంది. కాబట్టి పేపరు ఎవరు రాస్తారు, పేర్ల వరస ఏది, పరీక్ష తర్వాత ఎన్ని నెలల్లోపు మొదటి ప్రతి రావాలి, రాకపోతే ఎవరు చేపట్టాలి అన్నవి మొదటి ఏడాదిలోనే రాసుకోవాలి. పని చేయనివాళ్ల పేరు గౌరవార్థం చేర్చడం అంతర్జాతీయ జర్నల్ సంపాదకుల కమిటీ నియమాలకు విరుద్ధం. హెచ్ఓడీ (విభాగాధిపతి) పేరు వదిలేయడం పీజీకి సాధ్యం కాదు, ఆ మాట చెప్పాల్సింది సీనియర్ అధ్యాపకులే.

వారంలో ప్రచురిస్తామని, డబ్బు పంపమని మెయిల్ పెట్టే జర్నళ్లకు దూరంగా ఉండాలి. మెడ్‌లైన్‌లో (వైద్య జర్నళ్ల సూచిక), లేదా ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీలో పేరుందో లేదో ఆ సైట్లలోకే వెళ్లి చూసుకోవాలి, జర్నల్ తన గురించి తాను రాసుకున్నది నమ్మకూడదు. పోలికల (ప్లేజియరిజం) తనిఖీలో యూజీసీ 2018 నిబంధనలు 10 శాతం దాకా చర్య లేకుండా వదులుతాయి, 10 నుంచి 40 మధ్య ఉంటే తిరగరాయమంటాయి. ఎక్కువగా దొరికిపోయేది పాత థీసిస్‌లోంచి ఎత్తిన ఉపోద్ఘాతమే.

చివరిగా కాగితాల సంగతి. నింపిన ప్రొఫార్మాలు, సమ్మతి పత్రాలు, కవర్ల వరస, కోడ్ వివరణతో సహా ఎక్సెల్ ఫైలు, ఇవన్నీ పీజీ హాస్టల్ గదిలో కాదు, విభాగంలో ఉండాలి. నో డ్యూస్ సర్టిఫికెట్ మీద సంతకాల్లో లైబ్రరీతోపాటు రీసెర్చ్ సెల్ సంతకం కూడా చేరిస్తే ఆ పని జరుగుతుంది. వచ్చే ఏడాది ఐరన్ ఇంజెక్షన్ల మీదే మరో పీజీ పనిచేయాలనుకుంటే, స్టాండర్డ్ డీవియేషన్ కోసం ఎక్కడో విదేశీ పేపర్లో వెతుక్కోనక్కర్లేదు. తమ వార్డు లెక్కే బీరువాలో ఉంటుంది.